ఖాళీ మేకులు

"ఇవాళ్టి నుంచి మనింట్లోవాళ్ళెవరూ ఆ కొట్టు గడప తొక్కడానికి వీల్లేదు. అంతే."

భర్త తన చేతిలోని గుడ్డ సంచిని మూలకు విసిరేశాడు. అది గోడకు తగిలి, గుండీలు కుట్టాల్సిన చొక్కాల కుప్ప మీద బోర్లా పడింది. ఖాళీ సంచి. ఇంతకాలం కొట్లో ఒక మేకుకి వేలాడుతూ, కడుపు నిండితే తప్ప ఇంటి మొహం చూడని సంచి.

కోడలు తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు భుజాన వేసుకున్న పిల్లను ఇంకా దించలేదు. దించితే మళ్ళీ ఏమవుతుందోనని భయం. పిల్ల పెదాల వాపు దిగింది గానీ కళ్ళ కింద ఇంకా ఉబ్బుగానే ఉంది. చేతుల మీద దద్దుర్లు చీమలు కుట్టినట్టు ఎర్రగా కనిపిస్తున్నాయి.

"ఏమందిరా ఆ కొట్టావిడ?" అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

"ఏమంటుంది? అనడానికి నోరుండాలిగా. మా పిల్లకి పల్లీలు పడవని తెలిసి కూడా ఏం పెట్టావు అని అడిగాను. చేతులు కట్టుకుని నిలబడింది. వీధంతా వింటోంది. ఆవిడ మాత్రం ఉలకదు, పలకదు."

"తప్పు చెయ్యనిది ఊరుకుంటుందా? నన్నెవరైనా అంత మాటంటే ఇంటి కప్పు లేచిపోయేలా అరుస్తాను."

"అది అందరికీ తెలుసులే అమ్మా."

మామూలు రోజైతే అందరూ నవ్వేవారు. ఇవాళ అన్నవాడూ నవ్వలేదు, అనిపించుకున్నావిడా నవ్వలేదు.

కిటికీ దగ్గర కుర్చీలో మామగారు కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏమండీ, ఆ చొక్కా ఏం పాపం చేసింది? రుమాలేదీ?"

"ఎక్కడో పడిపోయింది."

"పడిపోయిందా? కోడలు పిల్ల చక్కగా అంచుకి ఆకుపచ్చ దారం పోసి కుట్టి ఇస్తే, పడిపోయిందట. తల మెడ మీద ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అదీ ఎక్కడో పెట్టి వచ్చేవారు."

మామగారు అద్దాలు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

"సాయంత్రం కొట్టు యజమాని అద్దెకోసం వస్తాడు," అన్నాడు భర్త చెప్పులు వెతుక్కుంటూ. "మేడమీద వాళ్ళనీ, పక్కింటాయన్నీ తీసుకుని వెళ్తాను. పసిపిల్లల ప్రాణాలతో ఆడుకునే మనిషికి కొట్టెందుకని అడుగుతాను. నెల తిరక్కుండా ఖాళీ చేయిస్తాను."

అప్పుడు నోరు తెరిచింది కోడలు.

"ఏవండీ... కొట్టక్క పెట్టింది నిన్న పొద్దునండీ. నేను ఎదురుగానే ఉన్నాను. ఎండుద్రాక్ష ఒక్కటి, అదీ నా చేతికే ఇచ్చింది, నేనే చిదిపి పెట్టాను. పిల్లకి వాపొచ్చింది సాయంత్రం."

"అయితే?"

"డాక్టరుగారు నాతో చెప్పారు. మీరు మందులకి కిందికెళ్ళారు అప్పుడు. పొద్దున తిన్నదానికి సాయంత్రం దాకా ఆగదమ్మా, తిన్నా, నోటికి అంటినా కాసేపట్లోనే తెలిసిపోతుంది అన్నారు. ఈసారి పెదాలతో పోయింది, మళ్ళీ వస్తే గొంతు దాకా పోవచ్చు, ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కోండి అన్నారు."

"కనుక్కున్నాంగా."

"లేదండీ. కొట్లోంచి కాదంటే... ఇంట్లోంచే కదా?"

భర్త ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని ఆగిపోయాడు.

"ఇంట్లో ఎవరు పెడతారు? నేనా? మా అమ్మా? నాన్నా? పల్లీలనేవి ఈ ఇంట్లోకొచ్చి ఎన్నాళ్ళయింది? నూనె కూడా మార్చాం. నీకు ఇంట్లోవాళ్ళ మీద అనుమానం గానీ, ఆ కొట్టావిడ మీద మాత్రం ఈగ వాలనివ్వవు."

"నేనలా అనలేదు."

"సాయంత్రం నువ్వు మళ్ళీ కొట్టుకి వెళ్ళలేదని ఏంటి నమ్మకం? ఉప్పుకోసారి, పప్పుకోసారి, ఊరికే ఒకసారి. పిల్ల మనింట్లో కంటే ఆ బల్ల మీదే ఎక్కువ కూర్చుంటుంది. స్నేహం, స్నేహం అని నెత్తినెక్కించుకున్నావు. అనుభవించు."

లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఎక్కడో ఏ అంతస్తులోనో ఎవరో ఇరుక్కుపోతే అందరూ అరుస్తుంటే తను నెమ్మదిగా మాట్లాడి బయటికి తీస్తాడని పేరు. ఆ నెమ్మదంతా బయటివాళ్ళకే. రాత్రంతా ఆసుపత్రిలో పిల్ల ఊపిరి వింటూ కూర్చున్న మనిషి, ఇప్పుడు ఎవరో ఒకరి మీద పడితే గానీ నిలవలేడు. ఆ సంగతి కోడలికి తెలుసు. తెలిసినంత మాత్రాన మాట తగలకుండా పోదు.

రెండో చెప్పు కూడా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అత్తగారు టీ తెచ్చి మామగారి ముందు పెట్టింది. తనొక గ్లాసు తీసుకుని గోడకి చేరబడింది. ఇద్దరివీ చక్కెర లేని టీలే. షుగరు ముదిరి మామగారి కాలి వేలు తీసేసిన రోజున, ఆసుపత్రి వరండాలోనే ఒట్టేసుకుంది అత్తగారు. "ఈ మనిషి నోటికి లేని తీపి నా నోటికెందుకు?" అంది. ఆవిడ మాటల్లో సగం గాలికి పోతాయి గానీ, ఆ ఒక్క మాట పోలేదు. పెళ్ళిళ్ళకెళ్ళినా ఆకులో మిఠాయి పక్కకు జరిపేస్తుంది.

భుజం మీద పిల్ల మెలకువొచ్చి తల తిప్పింది. తాత కనబడ్డాడు. రెండు చేతులూ చాచి, "తా... త్తా..." అంటూ ముందుకి ఉరికింది.

మామగారు చూశాడు. చూసి, రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు.

"చెయ్యి నొప్పిగా ఉందమ్మా. నువ్వే ఎత్తుకో," అన్నాడు.

*

కోడలు వంటింట్లో డబ్బాలన్నీ దించింది. మూతలు తీసి వాసన చూసింది. పప్పుల్లో చెయ్యి పెట్టి కెలికింది. అటక మీద ఏనాటిదో అగ్గిపెట్టెల కట్ట దొరికింది గానీ, పల్లీ పొట్టు కూడా దొరకలేదు.

"ఏం వెతుకుతున్నావే?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. దుమ్ము దులుపుదామని."

"ఇవాళే దొరికిందా దుమ్ము నీకు?"

దొరకనిదానికంటే దొరికినదే నయం. దొరికితే పారేయొచ్చు. దొరకనిది ఏ గోడ మూలనుందో, ఏ గుడ్డకంటుకుందో, ఎవరి వెంట వస్తుందో తెలియదు. పిల్ల చాప మీద పాకుతూ ఏది నోట్లో పెట్టుకున్నా కోడలి గుండె జారి అరికాల్లో పడుతోంది. పళ్ళొచ్చే వయసు. చేతికేది దొరికితే అది నములుతుంది. చెంచా, దువ్వెన, చీర కొంగు, మనుషుల వేళ్ళు.

మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక, కుట్టిన చొక్కాలు మూట కట్టింది.

"చొక్కాలు ఇచ్చేసి వస్తానత్తయ్యా. ఇవాళ ఇవ్వకపోతే కొత్తవి ఇవ్వరు. పిల్ల నోట్లో ఏమీ పెట్టకండి. నీళ్ళు కూడా ఆ మూత గ్లాసులోవే."

"నేను ముగ్గుర్ని పెంచానే."

"పిల్ల పేచీ పెడితే మామయ్యకివ్వండి."

"ఆయనా? నిన్నటి నుంచి పిల్లని ముట్టుకుంటే ఒట్టు. నిన్నటిదాకా దించమన్నా దించని మనిషి. చెయ్యి నొప్పట. అడిగితే ఏ చెయ్యో చెప్పడు."

చొక్కాలిచ్చే చోటికి వెళ్ళడానికి ఎడమ వైపు తిరగాలి. కోడలు కుడి వైపు తిరిగింది.

కిరాణా కొట్టు సగం షట్టరు దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. వెళ్ళి, తలెత్తగానే అక్కడే నిలబడిపోయింది.

కొట్లో ఒక గోడ నిండా మేకులుంటాయి. ఒక్కో మేకు ఒక్కో ఇంటిది. ఆ ఇంటి సంచి దానికి వేలాడుతుంది. పొద్దున అటుగా వెళ్ళేవాళ్ళు కావాల్సినవి ఒక్క కేక వేసి పోతారు. సాయంత్రం వచ్చేసరికి సంచి నిండి ఉంటుంది. కేక వెయ్యకపోయినా నిండుతుంది. ఎవరింట్లో బియ్యం ఎప్పుడు నిండుకుంటాయో కొట్టక్కకి ఆ ఇంటివాళ్ళకంటే ముందే తెలుస్తుంది. కోడలింటి సంచికి మాత్రం వేరే గరిటె. పిల్లకి పల్లీలు పడవని తెలిసిన రోజే, పల్లీల పొడి తగలని కొత్త గరిటె తెచ్చి, దానికో ఎర్రదారం కట్టి, ఆ మేకుకే తగిలించింది. "ఇది మేనేజరుగారి గరిటె. ఇంకెవరూ ముట్టుకోకూడదు," అని. పిల్ల బల్ల మీద దర్జాగా కూర్చుని వచ్చేపోయేవాళ్ళని కనుబొమలు ముడిచి చూస్తుందని మేనేజరు అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఇప్పుడు గోడంతా ఖాళీ మేకులు. ఎక్కడో చివర రెండు మూడు సంచులు మిగిలాయి. కోడలింటి మేకుకి గరిటె ఒక్కటే వేలాడుతోంది.

"రా అమ్మడూ," అంది కొట్టక్క బియ్యం బస్తా మీంచి లేవకుండానే. "మేనేజరెట్లా ఉంది?"

"వాపు తగ్గింది."

"పాలు తాగిందా?"

"తాగింది."

"అమ్మయ్య." కొట్టక్క కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. "పొద్దున మీ ఆయన అరుస్తుంటే ఆ ఒక్క ముక్కా అడుగుదామనుకున్నా. అడిగే సందివ్వలేదు మహానుభావుడు. బాగా అరుస్తాడే! వాళ్ళమ్మ పోలికా?"

కోడలికి నవ్వు రాబోయి ఏడుపైంది. కొట్టక్క స్టూలు జరిపింది. కోడలు కూర్చోలేదు.

"అక్కా, నువ్వెందుకు ఊరుకున్నావు? నేను పెట్టలేదు అని ఒక్క మాట అనొచ్చుగా? నేను ఎదురుగానే ఉన్నానని చెప్పొచ్చుగా?"

"చెప్తే?"

"నమ్మేవాళ్ళు."

"నమ్మితే తర్వాతేం అడుగుతారు? నువ్వు కాకపోతే ఇంకెవరు అంటారు. అప్పుడేం చెప్పను?"

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది.

"అంటే నీకు తెలుసా?"

కొట్టక్క లేచింది. చీపురు తీసుకుంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలెట్టింది.

"అక్కా!"

"నన్నడక్కు."

"నా పిల్ల అక్కా! మళ్ళీ వస్తే గొంతు పూడుకుపోతుందన్నారు!"

"మళ్ళీ రాదు."

"నీకెట్లా తెలుసు రాదని?"

కొట్టక్క చీపురు ఆపలేదు. కోడలు కోపంతో చుట్టూ చూసింది. దేన్ని పట్టుకుని కుదపాలో తెలియక చూసింది. కొట్టు వెనక తలుపు తెరిచి ఉంది. అవతల చిన్న నూతి గట్టంత జాగా. అక్కడో నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము మీద చెంబు, పక్కన అరిగిపోయిన సబ్బు బిళ్ల. తీగ మీద ఉతికి ఆరేసిన రుమాలు ఒకటి గాలికి ఊగుతోంది.

అంచుకి ఆకుపచ్చ దారం.

కోడలు వెళ్ళి దాన్ని పట్టుకుంది. తన కుట్టు తనకి తెలియకపోవడమేంటి. ఒక మూల దారం తెగితే ముడి పెద్దదై ఉండకట్టింది. ఆ ఉండ వేలికి తగిలింది.

"ఇది మా మామయ్యది."

"మర్చిపోయారు."

"ఎప్పుడు?"

చీపురు ఆగింది.

"ఆయన ఇటు రారుగా అక్కా? సాయంత్రం పార్కు దాకా నడిచి వస్తాననేగా వెళ్తారు?"

"నడవడం మంచిదే," అంది కొట్టక్క.

కోడలు రుమాలు చేత్తో నలుపుతూ కొట్లోకి చూసింది. బల్ల మీద సీసాల వరస. చివర్న ఉండే సీసా, బెల్లం పల్లీ బిళ్లలుండే సీసా, అక్కడ లేదు. దాని అడుగు గుండ్రటి మచ్చ మాత్రం బల్ల మీద ఉంది. ఇవాళే తీసేసింది కాబోలు. మచ్చ చుట్టూ దుమ్ము ఇంకా అంచుకట్టి ఉంది.

నిన్న సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. మామగారు వీధి గుమ్మంలోంచి కంగారుగా వచ్చాడు. పిల్ల పాక్కుంటూ ఎదురెళ్ళింది. చెప్పులు విప్పకుండానే ఎత్తుకున్నాడు. పిల్ల అలవాటుగా తాత చూపుడు వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని కొరికింది. "అబ్బో, మేనేజరుగారికి ఆకలి!" అని ముసలాయన నవ్వాడు. తను చొక్కాకి గుండీ కుడుతూ చూసింది. తనూ నవ్వింది.

ఇందాక కూర్చోకుండా వదిలేసిన స్టూలు మీద ఇప్పుడు కూర్చుంది.

"ఆయన వేలు అక్కా..."

"నేనేం చెప్పలేదు."

"రోజూ వస్తారా?"

"నేనేం చెప్పలేదమ్మడూ. నువ్వు నీ అంతట చూశావు."

"షుగరున్న మనిషికి తీపి అమ్ముతావా? వేలు తీసేశారని తెలిసి కూడా? మా అత్తయ్య ఆయన కోసం టీలో చక్కెర మానేసింది! ఆయన ఇక్కడికొచ్చి..."

"అరవకు. బిళ్లలో సగం. ఒక్కటి విరిచి సగం. ఇవ్వనంటే బస్టాండు దాకా పోయి నాలుగు తినేవాళ్ళు ఉంటారు. అక్కడెవరు విరుస్తారు సగానికి?" కొట్టక్క గొంతు తగ్గించింది. "నేను చేసింది ఒప్పని అనను. తిన్నాక వెనక్కి తీసుకెళ్ళి, చెంబుతో నేనే నీళ్ళు పోస్తాను. చేతులు సబ్బుతో కడగాలి, నోరు పుక్కిలించాలి, రుమాలుతో తుడుచుకోవాలి. అది అయితేనే కదలాలి. ఇంట్లో మేనేజరుంది కదా. ఒక్కరోజు తప్పలేదు. నిన్న సరుకు లారీ వచ్చింది. బస్తాలు దింపించుకుంటున్నాను. మీ వీధిలోంచి పిల్ల ఏడుపు వినబడింది. మనవరాలే అనుకుని రుమాలు కూడా ఇక్కడే పడేసి పరిగెత్తారు..."

అని చేత్తో తన నోరు తనే మూసుకుంది.

షట్టరు కింద ఎవరివో కాళ్ళు వచ్చి ఆగాయి. లోపలికి వంగి చూడకుండానే ముందుకి వెళ్ళిపోయాయి.

"చెంబు నేను పొయ్యలేదు," అంది కొట్టక్క. "అందుకే మీ ఆయన తిడుతుంటే ఊరుకున్నాను. తిట్లన్నీ నావి కాకపోయినా, కొన్ని నావే."

"నాతో అయినా చెప్పొచ్చుగా."

"చెప్తే? ఈ బల్ల దగ్గర ఒకరు కొన్నది ఇంకొకరి చెవినెయ్యనమ్మడూ. మా అమ్మ కొట్టు నడిపినప్పుడూ అంతే. ఒక్కసారి నోరు జారితే ఇంక ఎవరూ ఈ బల్లకి మోచేతులానించి నిలబడరు. సరుకులు ఎక్కడైనా దొరుకుతాయి." ఆగింది. "మేనేజరు పుట్టిన కొత్తల్లో నువ్వొచ్చి ఆ బస్తాల వెనక కూర్చుని ఏడ్చేదానివి, గుర్తుందా? మీ ఆయన వెతుక్కుంటూ వస్తే నేనేమన్నాను?"

"మందుల షాపుకి వెళ్ళిందన్నావు."

"వెనక బస్తాల దగ్గరుందని చెప్పొచ్చుగా?"

కోడలు తల దించుకుంది. ఆ రోజుల్లో పిల్లని చూస్తే భయం, పిల్లకేమవుతుందోనని భయం, తన మీద తనకే భయం. ఇంట్లో చెప్తే పిచ్చంటారని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ బెల్లం వాసనలో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, ఉప్పు పాకెట్టు పట్టుకుని ఇంటికెళ్ళేది. మొహం కడుక్కున్నది ఆ చెంబుతోనే.

"సాయంత్రం యజమాని వస్తాడు. నీ కొట్టు తీయించేస్తామంటున్నారు."

"తెలుసు."

"అక్కా, నువ్వు చెప్పకపోతే కొట్టు పోతుంది."

"చెప్తే కొట్టుండి ఏం లాభం?"

"మరి నేను చెప్పనా?"

కొట్టక్క గోడకున్న గరిటె వైపు చూసింది. "అది నీ ఇల్లు. నీ నోరు. ఆయన నా దగ్గర కొనేవాడు, నీకు మామ. నేనెట్లా చెప్పను?"

కోడలు రుమాలు మడిచి గుప్పిట్లో పెట్టుకుని లేచింది. షట్టరు కింద వంగబోతుంటే వెనక నుంచి కొట్టక్క పిలిచింది.

"అమ్మడూ. ఏం చేసినా, పిల్లని ఆయన దగ్గరికి పోనివ్వకుండా మాత్రం చెయ్యకు. ఆ ముసలాయన సగం బిళ్ల లేకుండా బతుకుతాడు. మనవరాలు లేకుండా బతకడు."

*

దారంతా ఒక అబద్ధం నూరుకుంటూ వచ్చింది. రుమాలు చొక్కాల మూటలో కలిసిపోయిందత్తయ్యా. అంతే. రుమాలు ఇచ్చేసి, రేపో ఎల్లుండో మామయ్య ఒక్కరే ఉన్నప్పుడు చెవిలో చెప్పొచ్చు. మామయ్యా, నాకు తెలుసు, ఇంకెవరికీ చెప్పను, చేతులు మాత్రం కడుక్కోండి. అలా అయితే ఇంట్లో గొడవ ఉండదు. అత్తయ్య మనసు విరగదు. ఈ ఇంట్లో తనని ఏనాడూ ఒక్క మాట అనని మనిషి అందరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

కొట్టు మాత్రం పోతుంది.

ఇంటి మలుపు తిరిగేసరికి గుమ్మంలో పక్కింటాయన, మేడమీదాయన నిలబడి ఉన్నారు. భర్త లోపల జుట్టు దువ్వుకుంటున్నాడు.

"ఎక్కడికెళ్ళావు? యజమాని వచ్చే వేళైంది. పిల్లని ఎత్తుకుని నువ్వు కూడా రా. ఆ దద్దుర్లు ఆయన కళ్ళారా చూడాలి."

"పిల్లని ఎందుకండీ?"

"మాటలకంటే అది నయం."

చాప మీద నుంచి పిల్ల పాకుతూ కిటికీ దగ్గర కుర్చీ చేరింది. మామగారి పంచె పట్టుకుని లేచి నిలబడింది. "తా... త్తా..." మామగారు పైకప్పు వైపు చూస్తున్నాడు. చేతులు చంకల్లోనే ఉన్నాయి. పిల్ల ఊగింది, పడబోయింది, మోకాలు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆయన చేతులు కదల్లేదు.

"అయ్యో, ఎత్తుకోండి! అంత నొప్పా?" అంది అత్తగారు టీ గ్లాసుతో వస్తూ. అంతలో ఆవిడ చూపు కోడలి గుప్పిట్లోంచి బయటికొచ్చిన ఆకుపచ్చ అంచు మీద పడింది. "అదేంటే? రుమాలేనా? ఎక్కడ దొరికింది?"

నూరుకొచ్చిన అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది.

మామగారు చటుక్కున తల తిప్పాడు. ఆయనకి ఆ రుమాలు ఎక్కడ వదిలేశాడో తెలుసు. అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కూడా చూశాడు. ఆ కళ్ళలో 'చెప్పొద్దు' అని లేదు. 'చెప్పు' అని కూడా లేదు. డాక్టరు గది బయట కూర్చున్నవాళ్ళ కళ్ళు అలా ఉంటాయి.

"ఏమే, నిన్నే. ఎక్కడ దొరికింది?"

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు, సబ్బు, ఒక బేసిను తెచ్చి మామగారి కుర్చీ ముందు పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామయ్యా, చేతులు పెట్టండి."

"ఇప్పుడిదేంటి మధ్యలో?" అన్నాడు భర్త.

"పిల్ల ఎత్తుకోమంటోంది కదండీ." కోడలు చెంబు ఎత్తి పట్టుకుంది. "చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి ఎత్తుకుంటే పిల్లకేమీ కాదు. రోజూ అలాగే ఎత్తుకునేవారు. నిన్న ఒక్కరోజే కుదరలేదు."

గుమ్మంలో ఉన్నవాళ్ళు మాటలాపేశారు. భర్త దువ్వెన పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. ఆ మాటకి తల ఎక్కడో, తోక ఎక్కడో అతనికింకా అందలేదు.

మామగారికి అందింది. చంకల్లోంచి చేతులు మెల్లగా బయటికి తీశాడు. రాత్రి ఎన్నిసార్లు కడిగాడో, వేళ్ళ చివర్లు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. చెంబు కింద చాచబోయి ఆగాడు.

"ఒరేయ్," అన్నాడు కొడుకుతో.

"ఏంటి నాన్నా? టైమవుతోంది."

"చెప్పులు విప్పు."

"యజమాని వెళ్ళిపోతాడు..."

"వెళ్ళిపోనీ. ఆ కొట్టు జోలికి ఎవరూ పోనక్కర్లేదు. చెప్పులు విప్పి ఇలా వచ్చి కూర్చో. మీ అమ్మని కూడా కూర్చోమను."

అత్తగారు కూర్చోలేదు. చేతిలో చక్కెర లేని టీ గ్లాసు. ఆవిడ కోడలి చేతిలోని రుమాలు వైపు చూసింది. చెంబు వైపు చూసింది. పిల్ల పెదాల వైపు చూసింది. చివరికి మామగారి మొహం మీద చూపు నిలబెట్టింది. ఇంటి కప్పు లేచిపోయేలా అరుస్తుందని కోడలు బిగపట్టుకుని కూర్చుంది.

ఆవిడ అరవలేదు. ఇన్నేళ్ళలో ఆ గొంతు అంత చిన్నగా ఎవరూ వినలేదు.

"ఏం తిన్నారండీ?" అని అడిగింది.